కొండలమ్మ మొక్కు, సితార ఆకలి

సర్కసుల్లో పులులనూ సింహాలనూ ఆడించకూడదని ప్రభుత్వం ఆపించాక, ఇబ్రహీంపట్నం అవతల కొండవార ఉన్న ఆశ్రయ కేంద్రానికి లారీలో వచ్చిన ఆడపులి సితార. వచ్చేనాటికే రెండు కళ్ళకూ శుక్లాలు. బ్యాండు మేళం పక్కనే బతికి బతికి చెవులూ మందగించాయి. ఇక దానికి లోకమంటే ముక్కే.

కొండలమ్మ అక్కడ గదులు కడిగే మనిషి. తెల్లారగానే తోడికోడలు ఆదెమ్మతో కలిసి చేపలు కడిగి గంపలకెత్తి, ఆ చేతులతోనే పనికొచ్చేది. సితారను వెనక గదిలోకి రప్పించి, మధ్య తలుపు దించి, తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాకే ముందు గదిలో చీపురు పట్టేది. మాంసం కొట్టి పెట్టడం బాలశౌరి పని. అయినా కొండలమ్మ ఊచల ఎదురుగా వచ్చి కూర్చుంటే తప్ప సితార ముక్క ముట్టదు. "మా అత్తకి కూడా ఇంత దగ్గర కూకుని పెట్టలేదే," అని సణిగేది. సణుగుడే గానీ, సెలవిస్తే ఒక్కనాడూ తీసుకున్న పాపాన పోలేదు.

కార్తీకం ముందర సితారకు జ్వరం తగిలింది. కొండలమ్మ గుండెల్లో రాయి పడింది. పులి తేరుకుంటే కార్తీకమంతా నీచు ముట్టనని, రోజూ తలస్నానం చేసి దీపం పెడతానని శివుడికి మొక్కుకుంది. చేపలమ్ముకునే ఇంట్లో నీచు ముట్టననడమంటే మాటలా! గంపల పనంతా ఆదెమ్మ నెత్తిన పడింది.

"పులికి జరమొస్తే నా నడుం ఇరగాలా అక్కా?" అంది ఆదెమ్మ.

జ్వరం తగ్గింది. కార్తీకం వచ్చింది. సితార తిండి మానేసింది. కొండలమ్మ వచ్చి కూర్చుంటే మూలకు నక్కి గుర్రుమనేది. మొక్కులో ఎక్కడో లోపం జరిగిందని ఆమెకు బెంగ పట్టుకుంది. దీపం తొందరగా కొండెక్కిందేమో, మనసులో చేపల పులుసు మెదిలిందేమో! ఒంటిపూట భోజనం మొదలెట్టింది. పనికొచ్చేముందు సీకాయతో రుద్దుకుని, పసుపు దట్టించి, విభూతి పెట్టుకునేది. ఆమె భక్తి పెరిగినకొద్దీ పులి డొక్కలు లోపలికి పోయాయి.

డాక్టర్ సుధామణిగారు అన్ని పరీక్షలూ చేయించారు.

"ఒంట్లో జబ్బేం లేదు కొండలమ్మా. ఈమధ్య ఇక్కడేమన్నా మారిందా?"

"ఏం మార్లేదండీ. అంతా మామూలేనండి."

"ఇలాగే ఉంటే ఇంక ఎన్నో రోజులు ఉండదమ్మా," అని ఆవిడ మెల్లగా అన్నారు.

ఆ రాత్రి కొండలమ్మకు కంటిమీద కునుకు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆదెమ్మ బజారు నుంచి పక్క ఊరికి వెళ్తూ ఇంటి తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చింది. మిగిలిన చేపల గంప దించి కొండలమ్మ పక్కన చతికిలబడింది. మూలనున్న సితార తలెత్తింది. వణుకుతున్న కాళ్ళతో ఊచల దాకా వచ్చి, ఆదెమ్మ వైపు తిరిగి, ముక్కుతో బుస్సుబుస్సుమని గాలి ఊదింది. అది కొండలమ్మకు మాత్రమే దక్కే పలకరింపు.

"అమ్మబాబోయ్, నాకేసి వస్తందేంటక్కా!"

కొండలమ్మకు ముందు ఒళ్ళు మండింది. పస్తులున్నది తానైతే పలకరింపు దీనికా! అంతలో గంప కనబడింది. తన అరచేతులు వాసన చూసుకుంది. పసుపు, సీకాయ. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"ఇన్నాళ్ళూ దాని లెక్కలో నేను రానేలేదే ఆదెమ్మా! ఎవత్తో కొత్త మనిషి వచ్చి కూకుంటందనుకుంది!"

గంప మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. మొక్కు తప్పితే మళ్ళీ జ్వరమొస్తే? తప్పకపోతే ఆకలితో పోతుంది.

"నెల ఎళ్ళలేదక్కా, ముట్టుకోమాక. కళ్ళు పోతాయి," అంది ఆదెమ్మ.

"దానికెప్పుడో పోయినయ్యే."

మోచేతుల దాకా గంపలోకి దించేసింది. ఆ తడి చీరకు, మెడకు పూసుకుని, తన చోట కూర్చుంది. సితార ఇటు తిరిగింది. చాలాసేపు వాసన చూసింది. మెల్లగా గాలి ఊదింది. బాలశౌరి లోపలికి జారవిడిచిన ముక్కను నాకి, నోట కరుచుకుంది.

కొండలమ్మ బావురుమంది. ఏడుస్తూనే కొండమీది శివుడి గుడివైపు తిరిగి చేతులు జోడించింది. వేళ్ళకు ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి.

"తప్పు నాది సామీ, శిచ్చేత్తే నాకెయ్యి. నువ్వు కట్టుకోటానికి ఓ పులితోలుందిగా, దీనిదడగమాక."