పాపిట దాకా వచ్చిన అమ్మ

ఎవరు ఫొటో దిగడానికొచ్చినా ముందు "కాస్త గడ్డం పైకి" అంటాడు కాబట్టి, వీధిలో అందరికీ ఆయన గడ్డం మాస్టారే అయిపోయాడు. నిజానికి ఆయనకు గడ్డమే లేదు, రోజూ నున్నగా గీసుకుంటాడు. ఇప్పుడు స్టూడియోకొచ్చి ఫొటో దిగేవాళ్లు తగ్గిపోయారు. చిరిగినవీ చెమ్మ పట్టినవీ పాత ఫొటోలను కంప్యూటర్‌లో బాగుచేయడమే ఆయన పని. కూతురు ఆయనకో వెబ్‌సైట్ చేసిపెట్టింది. అందులో ఆయన ఎక్కించే ఫొటోలు ఒక్కోటీ ఏనుగంత. "సైజు తగ్గించు నాన్నా, అది తెరుచుకునేలోపు చూసేవాళ్లు వెళ్లిపోతారు" అని ఆమె మొత్తుకోవడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మొహంలో ఒక్క ముడత పోయినా అది ఆ మనిషి కాదని ఆయన పట్టు.

ఈసారి బాగుచేసింది సొంత తల్లి ఫొటో. ఆయన పాలు తాగే వయసులోనే ఆమె పోయింది, మొహమే ఎరగడు. ఉన్న ఒక్క ఫొటోలో మొహం కింది సగాన్ని చెమ్మ తినేసింది. నెలల తరబడి కూర్చుని ఆ సగం తానే నింపాడు. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పగలిగింది లోకంలో ఒక్కరే, ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క. ఆవిడ కొండమీది ఊళ్లో మనవరాలి దగ్గర ఉంటోంది. కదల్లేదు, చూపు కూడా రానురాను తగ్గిపోతోంది. అక్కడికి సిగ్నల్ చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. ఫోన్‌కి పంపితే అది ఫొటోను కుదించి నలిపేస్తుందని, ఏ వివరమూ పోకూడదని, వెబ్‌సైట్‌లోనే పెట్టాడు.

ఎన్నాళ్లైనా అక్క ఏమీ అనలేదు. నచ్చలేదేమోనని ఆయనకు ముద్ద దిగలేదు. ఆఖరికి తానే ఫోన్ చేశాడు.

"రోజూ చూస్తూనే ఉన్నానురా," అంది అక్క. "పాపిట దాకా వస్తుంది, నుదురు దగ్గర ఆగిపోతుంది. మిగతాది రేపొస్తుందిలే అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తున్నా."

అమ్మను నుదుటి దగ్గరే ఆపేసింది తన మొండితనమేనని మాస్టారికి ఏడుపొచ్చింది. ఎంతైనా తగ్గించమని కూతురికి చెప్పాడు. ఆమె ఆ ఫొటోను ఫోన్ తెరకు సరిపడేంత చేసింది. పైనుంచి కొంచెం కొంచెం దిగకుండా, ముందు మొహమంతా మసగ్గా వచ్చి మెల్లగా తేటపడేలా అమర్చింది. మసక ఫొటో తన స్టూడియో గడప దాటడమేంటని ఆయన మనసు చివుక్కుమంది గానీ సరేనన్నాడు.

మర్నాడు అక్క మనవరాలి ఫోన్‌లో ఫొటో తెరుస్తుంటే, ఆయన అక్క సొంత ఫోన్‌కి చేసి చెవి ఆనించుకుని కూర్చున్నాడు.

"అమ్మే," అంది అక్క వెంటనే.

కాస్త తేటపడనీయమన్నాడు.

"ఎందుకురా, నా కళ్లకి అందరూ ఇలాగే కనిపిస్తారు. అమ్మే."

తర్వాత అటునుంచి మాట లేదు. ఫొటో తేటపడుతోందని ఆయనకు తెలిసిపోయింది. ఆయన భయమంతా దానికే.

"నోరు నాది పెట్టావేంట్రా?"

దొరికిపోయాడు. అక్క వయసులో ఉన్నప్పటి ఫొటోలోంచే ఆ పెదవులు తెచ్చి అతికించాడు మరి.

"నన్ను తిట్టిన నోరూ, జోల పాడిన నోరూ నీదే కదక్కా," అన్నాడు. "ఇంకోటి నాకు తెలీదు."

అటు ముక్కు చీదిన చప్పుడైంది.

"ఉండనీలే," అంది అక్క. "అమ్మ కూడా కాదనదు."