సీసాలో మూడు పేన్లు

పోయిన ఎండాకాలం, ఒంటిపూట బళ్ళు నడిచేటప్పుడు, మా పాప తలలో పేన్లు పడినాయి. మేముండేది బుక్కరాయసముద్రంలో. పాప నాలుగో తరగతి. రోజూ వాళ్ళ అవ్వ, అంటే మా అత్త, పక్కనే పడుకుంటుంది. పాత చీరలతో అత్త కుట్టిన బొంత లేకుంటే దానికి నిద్ర రాదు.

పక్కింటామె వచ్చి చూసి, "ముందు ఆ బొంత కాల్చేయండక్కా. గుడ్డలో పేను నెలల కొద్దీ బతుకుతాది" అనింది. అత్త వెంటనే బొంత చుట్టుకొని పెరట్లోకి పోయింది. పాప ఏడుస్తా వెనకాలే పరిగెత్తింది.

నెలల కొద్దీనా? రక్తం తాగే పురుగు తల లేకుండా అన్నాళ్ళెట్లా బతుకుతుంది? చిన్నప్పటి నుంచి పేన్లను గోళ్ళ మధ్య కుక్కడమే తప్ప, వాటిని వాటి మానాన వదిలి చూసింది లేదు.

"రెండు రోజులు ఆగత్తా, చూసి కాలుద్దాం" అన్నాను.

"ఏం చూస్తావు? పేన్లు సాకుతావా?"

బొంతను సంచిలో వేసి మూతి కట్టినాను. పాప తల దువ్వి మూడు పెద్ద పేన్లను ఖాళీ మందుసీసాలో వేసినాను. రెండు వెంట్రుకలు, చిన్న గుడ్డపీలిక కూడా వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టినాను. అది ఆదివారం పొద్దున.

సాయంత్రానికి మూడూ బాగానే పాకుతాండాయి. అత్త నా వైపు చూసి నవ్వింది. సోమవారం పొద్దున ఒకటి కదల్లేదు. అప్పటి నుంచి సీసా అత్త చేతిలోనే. కళ్ళద్దాలు పెట్టుకొని, ఎండకెత్తి చూస్తా, "ఇది కాలు ఆడిస్తాంది చూడు" అంటుంది. మధ్యాహ్నం పాప బడి నుంచి వచ్చేసరికి ఒకటే మిగిలింది. పొద్దు గూకేలోపల అదీ పోయింది.

ఆసుపత్రిలో మందులిచ్చే నర్సమ్మను అడిగితే, తల విడిచిన పేను మామూలుగా ఒకటి రెండు రోజులకు మించి బతకదనింది.

మరి పాపకు ఇన్ని యాడ నుంచి వచ్చినాయి? బొంతలో కాదంటే, ఇంకో తలలో నుంచి రావల్ల.

"అత్తా, నీ తల ఒకసారి చూడనా?"

అత్త మొహం ముడుచుకుంది. "నాకేముండాది? ఉండేవే నాలుగు వెంట్రుకలు" అని లేచిపోయింది. కాసేపటికి తనే వచ్చి నా ముందర కూర్చొని కొప్పు విప్పింది.

"నెల నుంచి దురదే. ఈ వయసులో పేన్లంటే నగుతారని చెప్పలేదు."

చెవుల వెనక గీరి గీరి పుండ్లు పడినాయి. ఒకే ఇంట్లో ఉంటా నేను గమనించలేదు. సిగ్గుగా అనిపించింది. దువ్వెన పెడితే పేన్లు రాలినాయి. తరువాత అత్త నా తల చూసింది. నాకూ ఉండినాయి!

నర్సమ్మ ఇచ్చిన మందు పూసుకొని, వారం తరువాత మళ్ళీ పూసుకొని, రోజూ ఒకరికొకరు దువ్వుకున్నాము. బొంతను మరిగే నీళ్ళలో ఉడకేసి పాపకిచ్చేసినాము. నెల తిరిగేసరికి ముగ్గురి తలలూ శుభ్రం.

ఆ దువ్వే రోజుల్లోనే అత్త ఒక ఈరు అంటుకున్న వెంట్రుకను వేళ్ళతో పట్టుకొని అడిగింది: "మరి దీన్ని సీసాలో వేస్తే పిల్ల లేస్తాదా?"

నాకు తెలియదన్నాను. ఇంకో సీసా కడుక్కొని రమ్మనింది.