మరకు పిడికెడు వడ్లు

మా పెద్ద తోటికోడలు పోయింది. కొన్నాళ్లుగా ఆయాసం, మంచంలోనే ఊపిరి ఆగింది. చోడవరంలో మా వాళ్లు మాత్రం బియ్యం మర మింగిందంటున్నారు. నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్నాను. చదివేవాళ్లు నా మాట కూడా వినండి.

మేమిద్దరం ఒకే రోట్లో వడ్లు దంపి బతికినవాళ్లం. ఆమె రోకలి లేస్తే నాది పడాలి. కొత్త కోడలినైన నాకు, "సూడకే, ఇను. నా ఊపిరి ఇను" అని నేర్పింది. మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది: గింజ లేని రోట్లో రోకలి వెయ్యకూడదు. వేస్తే రోలు మనిషిని అడుగుతుంది.

ఊళ్లోకి డీజిల్ మర వచ్చాక మమ్మల్ని దంపుడుకు పిలిచేవాళ్లు లేకపోయారు. మరలోనే పనికి పోదామంది ఆమె. నేను రానన్నాను.

"నువ్వు రాకపోతే అది ఆగిపోతాదేటే? సెరగడం నీకొచ్చు, నూక తెలుసు, తవుడు తెలుసు. అయ్యన్నీ ఎంటబెట్టుకుని రా. రోకలొక్కటీ ఇంటికాడ ఒగ్గెయ్" అంది.

ఆ మాటే నాకు కూడు పెట్టింది.

మొదటిరోజు పొద్దున వడ్లు పొయ్యకముందే మర తిప్పేశారు. ఖాళీగా, పళ్లు నూరుతున్నట్టు తిరుగుతోంది. ఇద్దరం గడప దగ్గరే ఆగిపోయాం. ఆమె గబగబా వెళ్లి బస్తాలోంచి పిడికెడు వడ్లు తీసి తొట్టిలో వేసింది. మర గొంతు మారింది, నోట్లో ముద్ద పడ్డట్టు.

"ఏటప్పా, దీనికి నైవేద్యమా?" అని నవ్వేడు ఇంజను తిప్పేవాడు.

"ఖాళీ కడుపుతో నువ్వు సేస్తావేట్రా పని?"

ఆనాటినుంచి రోజూ పొద్దున్నే ఆమె పిడికెడు వేయాల్సిందే. ఒకనాడు ఆలస్యంగా వస్తే, ఇంజను ఎంత తిప్పినా అంటుకోలేదు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే అంటుకుంది. ఎవరూ నవ్వలేదు.

మైల తీరగానే మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. "దానికి అలవాటు సేసి పోయింది వదినా. ఇప్పుడు నిన్నడుగుతాది. ఎల్లకు."

"ఎల్లకపోతే గంజి నువ్వు పోస్తావేటి? ఒగ్గు చెయ్యి!"

మళ్లీ చెబుతున్నాను, ఆమెను ఏ మరా మింగలేదు. ఆమె నన్ను ఆకలి నోట్లోంచి లాగింది.

మర్నాడు పనికి వెళ్లాను. ఇంజను ఆడుతోంది. దూలాల మీదా, బస్తాల మీదా, నేలంతా సన్నటి తవుడు పేరుకుంది. జల్లెడ దగ్గర, ఆమె నిలబడే చోట మాత్రం, రెండు పాదాల మేర నేల నల్లగా ఉంది. పైనుంచి తవుడు రాలుతూనే ఉంది. అక్కడ నిలవడం లేదు.

నేను జల్లెడ అందుకుని, కాస్త పక్కకు జరిగి నిలబడ్డాను.