పొద్దుటి షిఫ్టులో ఎంబీఏ ఇంటర్వ్యూ

కరోనా తగ్గి మిల్లులు మళ్ళీ మూడు షిఫ్టులూ నడవడం మొదలైన ఏడాది, జంషెడ్‌పూర్ శివారులోని ఒక రోలింగ్ మిల్లుకు నన్ను మెకానికల్ మెయింటెనెన్స్ మేనేజరుగా వేశారు. ఉక్కు దిమ్మెలను ఎర్రగా కాల్చి కడ్డీలుగా సాగదీసే చోటు అది. నా కింద పనిచేసిన జూనియర్ ఇంజనీర్లలో ప్రసన్న ఒకతె. ఆ ఊళ్ళోనే బాగ్‌బేరా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

ఎంబీఏ చదవాలని ఆమె పట్టుదల. ప్రవేశ పరీక్షలో మార్కులకు లోటు లేదు. ఇంటర్వ్యూలో కూర్చుంటే మాత్రం మాట తడబడేది. అలా ఒక ఏడాది పోయింది. ఈసారీ రాకపోతే ఆ ఆశే వదులుకుంటానని ఇంట్లో మాటిచ్చిందట. బిష్టుపూర్ కోచింగ్ సెంటరులో నేర్పిన జవాబులు నా ముందు అప్పజెప్పింది. అన్నీ చిలక పలుకులే.

మా దగ్గర షిఫ్టు మొదట్లో టూల్‌బాక్స్ టాక్ ఉంటుంది. ఇంజనీరు పనివాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని, ఇవాళ పనేమిటో, ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి. అది ఇక రోజూ ప్రసన్ననే చెయ్యమన్నాను. ఆఖర్న వాళ్ళేం అడిగినా జవాబు చెప్పాలని షరతు కూడా పెట్టాను.

వాళ్ళంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కాంట్రాక్టు ఫిట్టర్లు. మొహమాటం ఎరగని మనుషులు. మొదటి వారం ప్రసన్న మాట నాకే వినపడలేదు. పోనుపోను వాళ్ళ వేళాకోళాలకు దీటుగా బదులివ్వసాగింది. ఇంటర్వ్యూ సంగతి బయటపడ్డాక ప్రశ్నలూ అటే మళ్ళాయి.

ఒకరోజు గ్యాంగులో పెద్దవాడు అప్పన్న అడిగాడు. "ఎంబీఏ సదివి ఏటి సేత్తావు పాపా?"

ఆమె నాయకత్వం, అభివృద్ధి అంటూ ఏదో అందుకుంది. అప్పన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "అది కోచింగోల్ల మాట. నీ మాట సెప్పు."

"సచ్ బోలూ, నిజం చెప్పనా బాబాయ్? ఇక్కడ ఎంతమంది పని చెయ్యాలో పై ఆఫీసులో డిసైడ్ చేత్తారు. ఆళ్ళెవరూ ఇక్కడ డ్యూటీ చెయ్యలేదు. నేను చేశాను. అందుకే ఆ ఆఫీసులోకి ఎళ్ళాలి."

"ఎల్తావు. రేపు మమ్మల్ని తగ్గించమంటే ఆ కాయితం మీద సంతకం పెట్టీది నువ్వే గదా?"

నేను కల్పించుకోబోయి ఆగాను.

"పెట్టాల్సి రావచ్చు" అంది ప్రసన్న. "అలాగైతే నేనే వత్తాను. ఇక్కడే నిలబడి మీకు చెప్తాను."

"సూద్దాం" అన్నాడు అప్పన్న. తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా ఆ పిల్ల అటు చూడలేదు. ఆమె మీద నాకు గౌరవం పుట్టింది ఆ పూటే.

కోల్‌కతాలో ఇంటర్వ్యూ చేసినవాళ్ళు కూడా ఎంబీఏ ఎందుకనే అడిగారట. అప్పన్నకు చెప్పిందే వాళ్ళకూ చెప్పింది. సీటు వచ్చింది. గ్యాంగంతా మిఠాయి తిన్నాం.

చదువయ్యాక మా కంపెనీకే కాంట్రాక్టుల విభాగం మేనేజరుగా వచ్చింది. నేను రిటైరయ్యే ముందు మిల్లులో కొత్త యంత్రం పెట్టారు. నలుగురు ఫిట్టర్ల అవసరం లేకపోయింది. రివాజు ప్రకారం అలాంటి కబురు కాంట్రాక్టరుకు మెయిల్లో పోతుంది, అతను మనుషులకు ఫోన్లో చెప్పేస్తాడు. ప్రసన్న మాత్రం పొద్దుటి షిఫ్టుకు హెల్మెట్ పెట్టుకుని వచ్చి, పాత చోటులోనే నిలబడింది. నలుగురి పేర్లూ చెప్పింది. కారణం చెప్పింది. గోల్‌మురి వైపు ఇంకో ఫ్యాక్టరీలో ఇద్దరికి పని మాట్లాడానని, మిగతా ఇద్దరికి ఇంకా కుదరలేదని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. కుదరని ఇద్దరిలో అప్పన్న ఒకడు.

కొందరు గట్టిగానే అరిచారు. ఆమె కదలకుండా నిలబడి అన్నీ వింది. అందరూ సద్దుమణిగాక అప్పన్న అన్నాడు. "వత్తానన్నావు, వచ్చినావు. ఇంక నా పని సంగతి సూడు."

ఆమె చూసింది, కానీ పని దొరకడానికి చాన్నాళ్ళు పట్టింది. అప్పటిదాకా అప్పన్న ఆమెకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఆమె ఎత్తుతూనే ఉంది.

పని తీసేసేవాళ్ళు పని పోయేవాళ్ళ ఎదుట నిలబడి ఆ మాట చెప్పాలి. నా సర్వీసు మొత్తంలో అలా చెప్పినవాళ్ళను ఒక్కరినే చూశాను.