కంటైనరు మీద బొంగరం

క్వారీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బొంగరం అంటేనే అందరికీ తెలుసు. నిలబడితే కాలు మార్చి కాలు మారుస్తుంది. కూర్చుంటే, లేవడానికే కూర్చున్నట్టుంటుంది. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ ఆమెను బెంచీ చివరికి జరిపి, "నీ ఊపుకి మిగతా ముగ్గురి అక్షరాలూ వంకర పోతున్నాయే" అని తిట్టేదట.

తల్లి పొద్దుటే పనికి పోయేది కాబట్టి తమ్ముణ్ణి పెంచింది తనే. వాడు ఉయ్యాలకి లొంగే రకం కాదు. భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంటేనే కళ్ళు మూసేవాడు. ఆగిందా, కెవ్వుమనేవాడు. వాడికి మీసాలొచ్చాయి గాని ఆమె కాళ్ళు మాత్రం ఆగడం నేర్చుకోలేదు. తను నడుస్తున్నంతసేపూ వాడికేం కాదని మనసులో ఏ మూలో ఒక నమ్మకం పాతుకుపోయింది.

ఆ తమ్ముడిప్పుడు అదే క్వారీలో రాతికి మందు కూరి పేలుస్తాడు. ఆమె పనివాళ్ళకి మంచినీళ్ళు మోసేది. రోజంతా నడకే కాబట్టి, ఆ పని ఆమెకి కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. మేనేజరుకి జాలేసింది. "మోకాళ్ళు అరిగిపోతాయి బొంగరం, కూర్చునే పనిస్తాలే" అని తీసుకెళ్ళి కంటైనరు మీదికి ఎక్కించాడు.

కంటైనరంటే పెద్ద ఇనప పెట్టె. లోపల ఆఫీసు. పైకప్పు మీద గొడుగు కింద, మూడుకాళ్ళ స్టాండుకి దుర్భిణిలాంటి గాజుకన్ను ఒకటి బిగించి ఉంటుంది. దాని పక్కనే డ్రోను నడిపే అమ్మాయి తెర ముందు కూర్చుంటుంది. పేలుడు తీగలున్న చోట రేడియో పనికిరాదు. దాని అలలు సోకి మందు తనంతట తనే అంటుకుంటుందేమోనని భయం. ఫోన్లు కూడా గేటు దగ్గరే వదిలి రావాలి. అందుకే గుంత మీద ఎగిరే డ్రోనుకీ కిందనున్న గాజుకన్నుకీ మధ్య రాకపోకలన్నీ వెలుగు మీదే. మనకి కనబడనంత సన్నటి వెలుగుగీత అది. డ్రోను చూసిన బొమ్మ ఆ గీత పట్టుకునే దిగి వస్తుంది. గాజు మీద దుమ్ము తుడవడం, గీతకి అడ్డంగా ఎవరూ నిలబడకుండా చూడడం బొంగరం పని.

ఆ బొమ్మ కొన్ని రోజులు నిక్షేపంగా వచ్చేది, కొన్ని రోజులు ముక్కచెక్కలయ్యేది. మేనేజరు దుమ్మన్నాడు. అమ్మాయి ఎండకి గాలి కాగుతోందంది. డ్రోను రెక్కలు మార్చి చూశారు. బొమ్మ చెడేది తమ్ముడు గుంతలో దిగిన రోజుల్లోనేనని ఎవరికీ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం వరసగా మందు కూరిన కన్నాల్లో ఒకటి పేలలేదు. అలాంటప్పుడు కాసేపు ఆగి, మందు పెట్టినవాడే ఒంటరిగా వెళ్ళి చూడాలి. వాడు వంగి చూస్తుంటే నెత్తిన బీటలిచ్చిన రాతిగోడ ఉంటుంది. పైన రాయి కదిలినా వాడికి తెలీదు. డ్రోను చూపాలి, అమ్మాయి కేకేయాలి, కింద మేనేజరు సైరన్ మోగించాలి. అంతకుమించి వాడికి వేరే దిక్కు లేదు.

తమ్ముడు కంటైనరు కింద ఆగి తలెత్తాడు. "ఏంటక్కా, కంటైనరు ఉందా, అరిగిపోయిందా?"

"నీ నోటికేం గాని, హెల్మెట్ పట్టీ బిగించుకో."

"బిగించా."

"మళ్ళీ బిగించు."

వాడు నవ్వుతూ గుంతలోకి దిగాడు. ఇక్కడ ఈమె కాళ్ళు నడక మొదలుపెట్టాయి. పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి.

"అయ్యో, పోయింది," అంది అమ్మాయి. "వచ్చింది... మళ్ళీ పోయింది. అక్కా, గాజు తుడువు, త్వరగా!"

ఆమె గుడ్డని బకెట్లో ముంచి, గొంతుక్కూర్చుని తుడిచింది.

"ఆఁ, వచ్చింది! కనబడుతున్నాడు, వంగి ఉన్నాడు."

"ఏదీ, నన్నూ చూడనీ!" ఒక్క ఉదుటున లేచింది. తెర చెదిరిపోయింది.

అమ్మాయి తెర వైపు చూడడంలేదు. బకెట్లో నీళ్ళు వణుకుతుంటే వాటినే చూస్తోంది.

"అక్కా, ఒక్కసారి ఆగు."

ఆగింది. నీళ్ళు సర్దుకున్నాయి. తెర మీద రాతిగోడ, దాని మొదట్లో పసుపుపచ్చ హెల్మెట్ కనిపించాయి.

"ఇప్పుడు ఒక్కడుగు వెయ్యి."

వేసింది. హెల్మెట్ మాయమైంది.

ఇద్దరూ ఆమె కాళ్ళ వంకే చూశారు.

"నువ్వు నడిస్తే పెట్టె అదిరి గీత తప్పుతోంది. కూర్చో అక్కా. కదలకు, నీకు దణ్ణం పెడతా."

కూర్చుంది. మోకాలు అదరడం మొదలుపెట్టింది. రెండు చేతులతో నొక్కిపట్టింది. చేతులూ అదిరాయి. నడవకపోతే వాడికేదో అయిపోతుందని ఒళ్ళంతా ఒకటే గోల. నడిస్తేనేమో వాడు ఎవరికీ కనబడడు. బకెట్లో నీళ్ళు ఇంకా సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

ఆమె పాకుతున్నట్టు వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

"దిగిపోతున్నావా? మీ తమ్ముణ్ణి చూడవా?"

"నువ్వు చూడు."

కింద నుంచి ఇనపగోడ, పైన కాస్త ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. కంకర మీద అటూ ఇటూ తిరగసాగింది. "ఏం చేస్తున్నాడే?" అని కేకేసింది. జవాబు లేదు. పలకడంలేదంటే బొమ్మ బాగున్నట్టా, బాగులేనట్టా? ఎక్కి చూద్దామని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కాలినట్టు తీసేసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది.

"సార్! సైరన్! గోడ మీంచి గులకరాళ్ళు జారుతున్నాయి, సైరన్!"

సైరన్ మోగింది. తమ్ముడు మలుపు తిరిగి వచ్చేదాకా ఆమె కంకర మీద తిరుగుతూనే ఉంది. వాడు హెల్మెట్ చేతిలో పట్టుకుని విసుక్కుంటూ వచ్చాడు. "ఇంకాసేపుంటే తీగ దొరికేది. ఏంటి మీ గోల?"

ఆమె వాడి భుజం మీద ఒక్కటిచ్చింది. "హెల్మెట్ ఎందుకు తీశావురా?"

మర్నాడు పొద్దున్న చూస్తే రాతిగోడ నుంచి ఊడిన బండ ఒకటి గుంతలో పడి ఉంది. వాడు వంగి కూర్చున్న జాగా దాని అడుగున పడిపోయింది. ఆ రోజంతా వాడు ఒక్క జోకూ వేయలేదు.

నేలలోంచి విడిగా ఒక దిమ్మ కట్టించి స్టాండు దాని మీద పెడదామన్నాడు మేనేజరు. అప్పుడు ఎంత తిరిగినా ఫరవాలేదట. ఆ దిమ్మ ఎప్పుడు లేస్తుందో ఆయనకే తెలియాలి. ఈలోగా ఆమెకి మళ్ళీ నీళ్ళ పనే. తమ్ముడు గుంతలో దిగగానే బిందె దించి, కంటైనరుకి దూరంగా కంకర మీద తిరుగుతూ ఉంటుంది. అమ్మాయి పైనుంచి చెబుతూ ఉండాలి.

"వంగాడక్కా."

"ఊఁ."

"లేచాడు. చెమట తుడుచుకుంటున్నాడు."

అడుగుల చప్పుడు ఆగింది. "బొమ్మ సరిగ్గానే ఉందా? ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

మళ్ళీ కంకర కరకరలాడింది.