గాలికొండ ఎక్కని ఇద్దరు

రాంగోపాల్‌పేట్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేసే వరహాలబాబుకు నలభై తొమ్మిదో ఏట సైకిల్ పిచ్చి పట్టింది. అంతకు ముందు అతనికి పిచ్చి అని చెప్పుకోదగ్గది ఏదీ లేదు. నర్సీపట్నం దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో సికింద్రాబాద్ వచ్చాడు. మేనమామ పనిచేసే దుకాణంలోనే కుదురుకుని, అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా అరగదీసి బిగించడం నేర్చుకున్నాడు. మెడ వంచి, ఊపిరి బిగబట్టి చేసే పని అది. ఏళ్ల తరబడి అలా కూర్చున్నందుకు నడుము పట్టేసింది, షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడిస్తే మోకాళ్లు నొప్పి. అయితే సైకిల్ తొక్కి చూడమన్నాడు.

2021లో ఎవరో వాడి వదిలేసిన గేర్ల సైకిల్ ఒకటి కొన్నాడు. గేర్లు ఎలా మార్చాలో తెలియదు. ఒక ఆదివారం పొద్దున్నే మారేడ్‌పల్లిలో చిన్న ఎత్తు ఎక్కలేక వంకరటింకరగా తొక్కుతుంటే, పక్కకు ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. మనిషి ఎండిన కర్రలా ఉన్నాడు, వీపు మాత్రం నిటారుగా ఉంది.

"చిన్న గేర్ల పెట్టు బాబూ. కాళ్లు ఊకనే అరగదీసుకుంటున్నవ్," అన్నాడు.

ఆయనే జకర్యా. మారేడ్‌పల్లిలోని ఒక బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆదివారాలు పది పన్నెండు మందిని వెంటేసుకుని ఊరి బయటకు తీసుకెళ్తాడు. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు, కంప్యూటర్ల వాళ్లు ఉన్నారు. క్యారల్ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి అందరికంటే వేగంగా తొక్కేది. అందరికంటే మెల్లగా తొక్కే చోటు మాత్రం ఖాళీగా ఉంది. వరహాలబాబు వచ్చి దాన్ని నింపాడు.

జకర్యాది ఒకటే సూత్రం. ఎంత మెల్లగానైనా పో, ఎక్కేటప్పుడు కాలు మాత్రం కింద పెట్టకు. ఆయన పైకి చేరాక అక్కడే నిలబడి చివరి మనిషి వచ్చేదాకా కదిలేవాడు కాదు. చివరి మనిషి ఎప్పుడూ వరహాలబాబే. ఆయన చేతిలో అతని కోసం ఒక అరటిపండు ఉండేది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ అతను ఎక్కిన మొదటి కొండ. మొదటిసారి మూడు చోట్ల కాలు పెట్టాడు. రెండోసారి రెండు చోట్ల. నాలుగోసారి ఎక్కడా పెట్టలేదు. ఆఖరి మలుపులో గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, రోడ్డు పక్కన చెట్ల ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. పైన క్యారల్ ఫోనుతో వీడియో తీసింది. ఇంటికెళ్లి భార్య కనకలక్ష్మికి చూపించాడు. "ఏటండీ, ఇంత మెల్లగానా?" అంది ఆవిడ. తర్వాత తనే ఫోను తీసుకుని ఇంకో రెండుసార్లు చూసింది.

2023 అక్టోబరులో ఒక ఆదివారం అదే కొండ ఎక్కుతున్నారు. అలవాటు ప్రకారం వరహాలబాబు వెనకబడ్డాడు. ఒక మలుపు తిరిగేసరికి కల్వర్టు గోడకు సైకిల్ ఆనించి జకర్యా నిలబడి ఉన్నాడు. రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయి. జేబులోంచి మాత్రల పట్టీ తీసి, ఒకటి నాలుక కింద పెట్టుకుంటున్నాడు. వరహాలబాబును చూసి, గ్యాస్ అన్నాడు.

నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎందుకో వరహాలబాబుకు తెలుసు. గుండెజబ్బు మేనమామ చివరి నాలుగేళ్లూ దాన్ని చొక్కా జేబులో పెట్టుకునే తిరిగాడు. అది గ్యాస్‌ మాత్ర కాదు కదా సార్ అన్నాడు.

జకర్యా పట్టీని జేబులో పెట్టేసుకున్నాడు. "రోసమ్మకు తెల్వదు. తెలిస్తే సైకిల్ ఇంట్ల ఉండనియ్యదు. నువ్వు ఏం చూడలే. సమజైందా?"

వరహాలబాబు తలూపాడు. ఎందుకు ఊపానని తర్వాత తనను తాను చాలాసార్లు అడిగాడు. పెద్దాయన మాట కాదనలేకపోయాడు, అది నిజమే. సార్ లేకపోతే ఆదివారాలు ఉండవన్న భయమూ నిజమే. కానీ ఇంకోటి కూడా ఉంది. అంతమందిలో తనకొక్కడికే ఆయన రహస్యం తెలిసినందుకు లోపల ఎక్కడో కొంచెం గర్వంగా అనిపించింది.

ఆ ఏడాది డిసెంబరులో అరకు ఘాట్ ఎక్కాలని జకర్యానే ప్రతిపాదన పెట్టాడు. ఎస్.కోట అని పిలిచే శృంగవరపుకోటలో బయలుదేరి గాలికొండ దాకా. కింద ఎండ, పైన మంచు, మధ్యలో నలభై కిలోమీటర్లకు తక్కువ కాని ఎక్కుడు. ఏడుగురు సిద్ధమయ్యారు. సైకిళ్లు విప్పి సంచుల్లో పెట్టుకుని సాయంత్రం విశాఖపట్నం రైలెక్కారు. సాగనంపడానికి జకర్యా భార్య రోసమ్మ స్టేషన్‌కు వచ్చింది. తెనాలి వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మానేసింది. అందరికీ ప్లమ్ కేకు ముక్కలు పంచి, వరహాలబాబు కిటికీ దగ్గరకు వచ్చి ఆగింది.

"ఈయన ఎవరి మాటా వినరండీ. మీరు ఎలాగూ వెనకే ఉంటారు. కాస్త చూస్తూ ఉండండి," అంది.

చెప్పడానికి అదే సమయం. రైలు కదలడానికి ఇంకా ఆరేడు నిమిషాలుంది. అలాగేనమ్మా అన్నాడు వరహాలబాబు, అంతకు మించి ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఎస్.కోటలో ఆగి, ఆ మరుసటి పొద్దున ఆరింటికి బయలుదేరారు. బొడ్డవర రైల్వే గేటు దాటాక రోడ్డు తల పైకెత్తింది. పొగమంచులో ముందున్నవాళ్ల ఎర్ర లైట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. దిగివచ్చే బస్సులు మలుపు మలుపుకూ హారన్ కొట్టేవి. తలల మీద కట్టెల మోపులతో దిగుతున్న ఆడవాళ్లు వీళ్లను చూసి ఏదో అనుకుని నవ్వుకున్నారు. టైడా వరకూ అంతా బాగానే ఉంది. అక్కడ టీ తాగి ఐదుగురు ముందుకెళ్లిపోయారు.

ఆ రోజు జకర్యా ముందుకెళ్లలేదు. వరహాలబాబు పక్కనే తొక్కాడు. ఇది పెద్ద కొండ కాబట్టి తనకు తోడుగా ఉంటున్నాడని మొదట అనుకున్నాడు. కొంతసేపటికి సార్ మాట్లాడటం లేదని గమనించాడు. ఇంకొంతసేపటికి, ఆయన ముందు చక్రం తిన్నగా పోవడం లేదని గమనించాడు. ఒక హెయిర్‌పిన్ మలుపులో సైకిల్ రోడ్డు మధ్య గీత దాటి అవతలికి పోయింది.

"దిగుదాం సార్."

"ఇంక తొమ్మిది కిలోమీటర్లే."

"దిగుదాం."

ఆయనతో ఒక మాట రెండుసార్లు అనడం అదే మొదలు. జకర్యా విననట్టు తొక్కుతూనే ఉన్నాడు. వరహాలబాబు పెడల్స్ మీద లేచి నిలబడి, ఉన్న బలమంతా పెట్టి, ఆయన్ని దాటాడు. రెండేళ్లలో ఎప్పుడూ ఆయన్ని దాటలేదు. దాటి, సైకిల్ అడ్డం తిప్పి రోడ్డు మీద నిలబడ్డాడు. జకర్యా కాలు కింద పెట్టక తప్పలేదు.

పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. అంత చలిలో ఆయన మెడ మీద చెమట కారుతోంది. మొహం బూడిద రంగులోకి తిరిగింది. జేబులో పట్టీ తీసి చూస్తే ఖాళీ. పొద్దుట్నుంచీ రెండు వేసుకున్నానని జకర్యా వేళ్లతో చూపించాడు. ఫోనులో సిగ్నల్ లేదు. పైనుంచి విశాఖపట్నం బస్సు వస్తున్న చప్పుడు వినిపించింది. వరహాలబాబు రోడ్డు నడిమధ్యకు పోయి రెండు చేతులూ ఎత్తాడు. బస్సు అతనికి నాలుగడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టడానికి కిటికీలోంచి తల బయట పెట్టి, గోడ మీదున్న మనిషిని చూసి, ఆ తిట్టు మానేసి కిందికి దిగాడు. కండక్టరూ ఇద్దరు ప్రయాణికులూ కలిసి జకర్యాను మోసి ముందు సీట్లో కూర్చోబెట్టారు. సైకిళ్లు తన దగ్గర ఉంచుకుంటానని, పక్కనే కాఫీ కాస్తున్న దేముడమ్మ అనే ఆవిడ చెప్పింది.

మధ్యలో ఎవరూ దిగుతామని అడగలేదు. బస్సు ఆగకుండా ఎస్.కోట ఆసుపత్రి దాకా పోయింది. దారిలో జకర్యా తల వరహాలబాబు భుజం మీదే ఉంది. కళ్లు మూసుకునే ఒక్క మాట అన్నాడు.

"నేను పెట్టలే కాలు. నువ్వు పెట్టించినవ్."

అది నిష్ఠూరమో మెచ్చుకోలో వరహాలబాబుకు తెలియలేదు. తర్వాత కూడా అడగలేదు.

ఎస్.కోటలో మందులిచ్చి అంబులెన్సులో విశాఖపట్నం పంపారు. రెండు రక్తనాళాలు పూడుకుపోయాయని, సాయంత్రానికి రెండు స్టెంట్లు వేశారు. మిగతా ఐదుగురూ గాలికొండ మీద గంటన్నర ఎదురు చూసి, వెనక్కి వస్తూ దేముడమ్మ దగ్గర రెండు సైకిళ్లు చూసి సంగతి తెలుసుకున్నారు.

రోసమ్మ మర్నాడు పొద్దున దిగింది. భర్తను చూసి బయటకు వచ్చి, వరండాలో వరహాలబాబు పక్క కుర్చీలో కూర్చుంది. అతనే ప్రాణం నిలబెట్టాడని డాక్టర్లు చెప్పారట, ఆ మాట చెప్పింది. అతనికి ఆ మాట వింటూ కూర్చోవడం చేతకాలేదు.

"నాకు అక్టోబరు నుంచీ తెలుసమ్మా," అన్నాడు. మాత్ర సంగతి, కల్వర్టు సంగతి, అంతా చెప్పాడు.

ఆవిడ అతని వైపు తిరిగింది. "నేను స్టేషన్‌లో అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడు నెలలు అతనితో మాట్లాడలేదు. అతను ఫోను చేస్తే ఎత్తి, పలకకుండా భర్త చేతికిచ్చేది. వరహాలబాబు సైకిల్ బాల్కనీలో గోడకు ఆనుకుని ఉండిపోయింది. షుగరు మళ్లీ పెరిగింది. నిజం చెప్పేశారు కదా, ఇంకెందుకీ బాధ అని కనకలక్ష్మి అడిగింది. ఆలస్యంగా చెప్పిన నిజం కదా అన్నాడు.

2024 జులైలో ఒక మధ్యాహ్నం రోసమ్మ దుకాణానికి వచ్చింది. చేతిలో కళ్ల డాక్టరు చీటీ. మారేడ్‌పల్లి నుంచి రాంగోపాల్‌పేట్ వచ్చే లోపు ఎన్ని కళ్లద్దాల దుకాణాలున్నాయో అతనికి తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టి, రెండు కంటిపాపల మధ్య దూరం కొలవడానికి స్కేలు తీశాడు. కొలవాలంటే ఆవిడ కళ్లలోకి సూటిగా చూడక తప్పదు.

"డాక్టరు మెల్లగా సైకిల్ తొక్కొచ్చన్నాడు," అంది రోసమ్మ కదలకుండా. "మీ కుర్రాళ్లతో పంపితే ఈయన ఆగరు. మీకంటే మెల్లగా తొక్కేవాళ్లు మీలో ఎవరూ లేరట కదా?"

నవ్వాలో వద్దో తెలియక, లేరమ్మా అన్నాడు.

"అయితే ఆయన మీ వెనకే ఉండాలి. మీరు దిగితే ఆయనా దిగాలి. ఏం చూసినా నాకు చెప్పాలి. ఆయన వద్దన్నా సరే."

ఈసారి వరహాలబాబు వెంటనే సరేననలేదు. చీటీ మీద కొలత రాసుకున్నాడు, స్కేలు తుడిచి పక్కన పెట్టాడు. అప్పుడు, చెబుతానమ్మా అన్నాడు.

జకర్యాకు ఈ ఏర్పాటు ససేమిరా నచ్చలేదు. ముప్పై ఏళ్లు పిల్లల్ని వరసలో నడిపించిన మనిషి ఇంకొకడి వీపు చూస్తూ తొక్కాలంటే తక్లీఫే. గుండె వేగం నూట ఇరవై దాటితే చేతి గడియారం కూత పెట్టేది, అది కూసిందంటే ఇద్దరూ ఆగాలి. ఒకసారి జకర్యా ఛాతీ మీద చేయి పెట్టుకోవడం చూసి వరహాలబాబు అదే రోజు రోసమ్మకు చెప్పాడు. తీరా చూస్తే ఆయన జేబులో ఫోను తడుముకున్నాడంతే. జకర్యా అతన్ని సీఐడీ అని పిలిచి వారం రోజులు మాట్లాడటం మానేశాడు. ఎనిమిదో రోజు ఆదివారం, మామూలుగానే వచ్చి వెనక నిలబడ్డాడు.

2025 డిసెంబరులో క్యారల్ మళ్లీ అరకు ఘాట్ మాట ఎత్తింది. రోసమ్మ కాదనలేదు, డాక్టరును అడిగి, ఎక్కడ ఆగినా అక్కడితో సరి అన్న షరతు మీద ఒప్పుకుంది. ఈసారి ఇద్దరూ అందరికంటే గంట ముందుగా, లైట్లు వేసుకుని బయలుదేరారు. ఆరు చోట్ల ఆగారు. టైడా దాటాక మిగతావాళ్లు ఒక్కొక్కరూ పలకరించి ముందుకెళ్లారు. పాత మలుపు ఎప్పుడు దాటారో వరహాలబాబుకు తెలియనే లేదు. దాటాక జకర్యానే చెప్పాడు.

గాలికొండ ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా గడియారం కూసింది. పావుగంట ఆగి మళ్లీ ఎక్కితే, రెండొందల గజాలు పోయేలోపు మళ్లీ కూసింది. వరహాలబాబు ఇంకా దిగలేదు. వెనక నుంచి బ్రేకు చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే జకర్యా తనే దిగి నిలబడ్డాడు.

"చాలు బాబూ," అన్నాడు.

వాళ్లు ఎంతకీ రాకపోయేసరికి క్యారల్ చూద్దామని వెనక్కి దిగి వచ్చింది. సార్ దగ్గర తను ఉంటానని, ఎక్కేసి రమ్మని వరహాలబాబుతో అంది. జకర్యా కూడా పొమ్మన్నాడు. వరహాలబాబు కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. ఆ పొద్దున అవి ఎప్పుడూ లేనంత బాగా ఆడుతున్నాయి. హ్యాండిల్ పట్టుకుని పైకి చూశాడు. మంచు విడిపోయి రోడ్డు రెండు మలుపుల దాకా తెల్లగా కనిపిస్తోంది.

"రోసమ్మగారు చెప్పింది నాతోనమ్మా. నువ్వెళ్లు," అన్నాడు.

క్యారల్ వెళ్లింది. వరహాలబాబుకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పడం కష్టం. పిట్టగోడ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. జకర్యాకు సంగతి అర్థమైనట్టే ఉంది. సంచిలోంచి అటుకుల పొట్లం తీసి మధ్యలో పెట్టాడు. కాసేపయ్యాక వరహాలబాబు చేయి దానిమీదికి పోయింది.

తర్వాత ఇద్దరూ బ్రేకులు పట్టుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే ఆగుతూ ఆగుతూ దిగారు. బొడ్డవరలో ఇడ్లీ తింటుండగా సిగ్నల్ వచ్చింది. వరహాలబాబు రోసమ్మకు ఫోను చేసి, గుండె వేగం ఎంత దాకా పోయిందో, ఎక్కడ ఆగారో, మాత్ర అవసరం పడలేదన్న సంగతీ వరసగా చెప్పాడు.

"గాలికొండ ఎక్కారా?" అని ఆవిడ అడిగింది.

"లేదమ్మా."

"మీరైనా ఎక్కి ఉండాల్సింది."

సార్ ఇక్కడే ఉన్నారు మాట్లాడండమ్మా అని ఫోను జకర్యా చేతికిచ్చి, చెయ్యి కడుక్కోవడానికి హోటల్ వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు.