వంటింటి గడప

2022 వేసవిలో ఏలూరు పాత ఊళ్ళో ఒక మండువా ఇల్లు బాగుచేసే పని నా చేతికి వచ్చింది. మాది తాడేపల్లిగూడెం. సివిల్ ఇంజినీరునైనా కొత్త ఇళ్ళు కట్టను, పాత ఇళ్ళ మరమ్మతులే చేస్తాను. పడగొట్టడం ఎవరైనా చేస్తారు, నిలబెట్టడంలోనే మజా ఉందని నా నమ్మకం. మా ఆయన దీన్ని పిచ్చి అంటారు.

ఆ ఇల్లు ప్రసాద్ గారిది. ఆయనకి ఆకివీడులో చేపల మేత వ్యాపారం. భార్య సత్యవతి గారు టీచరు. ఇద్దరు పిల్లలతో, తల్లి మహాలక్ష్మి గారితో చాలా ఏళ్ళుగా వట్లూరులో ఒక ఫ్లాటులో ఉంటున్నారు. ఈలోగా మండువా ఇంటి పెంకులు జారిపోయాయి, గోడలకి చెమ్మెక్కింది, దూలాల సందుల్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి. అపార్టుమెంటుకి ఇచ్చెయ్యమని చుట్టాలంతా పోరుపెట్టినా ప్రసాద్ గారు వినలేదు. ఎందుకో నాకు మొదటిరోజే చెప్పారు.

"అమ్మకి రెండేళ్ళ కిందట చూపు పోయిందండీ. ఫ్లాటులో కుర్చీ దిగడం లేదు. తను కాపురానికొచ్చిన ఇల్లయితే మళ్ళీ నడుస్తుందేమోనని ఆశండీ."

నేనూ అది దృష్టిలో పెట్టుకునే ప్లాను వేశాను. చూపులేని పెద్దవాళ్ళున్న ఇంట్లో ఎత్తుపల్లాలు ఉండకూడదని మా చదువు. ఫ్లోర్ లెవెలింగ్, అంటే నేలంతా ఒకే మట్టానికి తేవడం, ఇంటిల్లిపాదికీ నచ్చింది. వంటింటి గడపని ఎలాగూ చెద తిని గుల్ల చేసింది. ముందు దాన్ని తీయించి, చెద మళ్ళీ రాకుండా యాంటీ టెర్మైట్ మందు కొట్టించి, నేల సాపు చేయించాను. మిగతా గడపలు మరుసటి వారం తీద్దామనుకున్నాం.

ఈలోగా ఒక ఆదివారం మహాలక్ష్మి మామ్మగారిని తీసుకొచ్చారు. వీధి గడప దాటగానే ఆవిడ కొడుకు చెయ్యి వదిలించుకున్నారు. స్తంభాలు ఒక్కొక్కటే తడుముకుంటూ, గడప వచ్చినప్పుడల్లా పాదమెత్తి దాటుకుంటూ చకచకా నడిచారు. సత్యవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వంటింటి దగ్గరికొచ్చి మామ్మగారు అలవాటుగా పాదమెత్తి వేశారు. అది ఉత్త నేలమీద పడింది. వెనక్కి జరిగి, గడప కోసం కాలితో అటూ ఇటూ తడిమారు.

"సత్యా, ఇది మనిల్లు కాదే. నన్నెక్కడికి తీసుకొచ్చారు?" అన్నారు.

ఆ తర్వాత పక్కనున్న స్తంభం పట్టుకుని అడుగు కదపలేదు. ఈ ఇంట్లో ఆవిడ కాళ్ళకి దారి చెప్పేవి గడపలేనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మిగతా గడపల జోలికి పోలేదు. వంటింటికి కొత్త గడప చేయిద్దామంటే పాతదాన్ని కూలీలు అప్పటికే టీ పొయ్యిలో పెట్టేశారు, ఎత్తెంతో తెలిసే దారి లేదు. అందుకని వడ్రంగి సూర్యారావు చెక్కముక్కలు ఒకదానిమీద ఒకటి పేరుస్తుంటే, మామ్మగారు అరికాలు ఆనించి చూశారు. కాస్త తగ్గించమన్నారు, మళ్ళీ కాస్త పెంచమన్నారు. సరే అనుకున్నాక, మధ్యలో చిన్న గుంట ఉండాలన్నారు. ఆవిడా, ఆవిడ అత్తగారూ ఏళ్ళ తరబడి తొక్కగా అరిగిన గుంట అది. కొత్త చెక్కని అరగదీసిమ్మన్న వాళ్ళని తనెక్కడా చూళ్ళేదని నవ్వుతూనే, సూర్యారావు చిత్రిక పట్టి గుంట తీశాడు. మామ్మగారు దాని మీద పాదం పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత పసుపు కలిపి తెమ్మన్నారు.

అప్పటినుంచి ఏ పాత ఇంటికి వెళ్ళినా టేపు తీసేముందు, ఆ ఇంట్లోవాళ్ళు ఎలా నడుస్తారో కాసేపు కూర్చుని చూస్తాను.

పాలు పొంగించిన రోజు నన్నూ పిలిచారు. నాకు తన చేత్తో కాఫీ ఇస్తానని మామ్మగారు లేచి, ఎవరి సాయం లేకుండా వంటింట్లోకి వెళ్ళారు. కొత్తగా రంగులేసిన దూలాలు చూసి మురిసిపోతూ నేనూ వెనకే నడిచాను. ఆవిడ గుమ్మం అవతల ఆగి, నా వైపు చెయ్యి చాపారు.

"గడపుందమ్మా, చూసుకుని రండి."